ఫేజర్ ఎంతలో పెట్టాలి? స్టార్ ట్రెక్ కథల్లో బలప్రయోగానికి ఉన్న దారులు, ఏది ఎప్పుడు

స్టార్ ట్రెక్ లోకంలో కథ రాసేవాళ్లకైనా, నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటను నడిపేవాళ్లకైనా ఎక్కడో ఒకచోట ఈ ముడి పడుతుంది. ఎదురుగా గుర్తు తెలియని నౌక. పలకరిస్తే జవాబు లేదు. ఆయుధాలు సిద్ధం చేస్తోందని సెన్సార్లు చెబుతున్నాయి. నౌకను నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, అందరూ కెప్టెన్ వైపు చూస్తున్నారు. ఇప్పుడేం చేయాలి?

వేరే లోకమైతే కాల్చేసి ముందుకెళ్లవచ్చు. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో మొదలైన ఈ లోకాన్ని వేరే నమ్మకం మీద కట్టారు. మనుషులు ఆకలిని, జాతిద్వేషాన్ని దాటేశారు, తెలియనివాటిని తెలుసుకోవడానికి నక్షత్రాల మధ్యకు బయల్దేరారు. అయినా వాళ్ల నౌకలో ఫోటాన్ టార్పీడోలనే భారీ పేలుడు ఆయుధాలు ఉన్నాయి. ఆదర్శం, ఆయుధం రెండూ ఒకే నౌకలో ఇమడాలి. ఆదర్శాన్ని వదిలేస్తే మామూలు యుద్ధకథ మిగులుతుంది. ఆయుధాన్ని వదిలేస్తే కెప్టెన్‌కు ఎంచుకోవడానికేమీ ఉండదు.

మనవాళ్లు సామ, దాన, భేద, దండోపాయాలని వరస కట్టారు. మెత్తనిది ముందు, గట్టిది చివర. స్టార్ ట్రెక్ కథకు ఆ వరస సగం వరకే పనికొస్తుంది. ఇక్కడ దారిని ఎంచేటప్పుడు ముందు చూడాల్సింది ఇది: మనం పొరబడ్డామని రేపు తేలితే, ఈ పనిని వెనక్కి తీసుకోగలమా? దెబ్బ ఎంత గట్టిదన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఈ కొలతే ఎందుకంటే, ఈ కథల్లో కెప్టెన్ మొదటి అంచనా తరచూ తప్పుతుంది. 1967లో వచ్చిన 'ద డెవిల్ ఇన్ ద డార్క్' ఎపిసోడ్ చూడండి. జానస్-6 గ్రహం మీద గనుల్లో యాభై మందికి పైగా చనిపోయారు. రాయిని కరిగించుకుంటూ సొరంగాలు తొలిచే ఒక జీవి వాళ్లను చంపుతోంది. మొదట్లో ఉపనాయకుడు స్పాక్ దాన్ని ప్రాణాలతో పట్టుకుందామంటాడు, కెప్టెన్ కర్క్ చంపమని ఆజ్ఞ ఇస్తాడు. తర్వాత సొరంగంలో కర్క్ ఒంటరిగా ఆ జీవికి ఎదురుపడతాడు. ఫేజర్ (కిరణాలు వదిలే తుపాకీ) చేతిలో ఉంది, ఆ జీవి కదలడం లేదు. ఇప్పుడు కమ్యూనికేటర్‌లో స్పాకే చంపేయమని తొందరపెడతాడు, మిత్రుడి ప్రాణం మీదికొచ్చింది కాబట్టి. కర్క్ కాల్చడు. దూరం నుంచి చంపమన్నవాడు దగ్గరికొచ్చేసరికి ఆగాడు, దూరం నుంచి వద్దన్నవాడు భయంతో మాట మార్చాడు. చివరికి తేలిందేమిటంటే అది ఒక తల్లి. గనివాళ్లు పనికిరాని గుండ్రాళ్లనుకుని పగలగొట్టినవి దాని గుడ్లు.

1991 నాటి 'డార్మాక్'లో ఇంకా సూక్ష్మమైన తప్పు జరుగుతుంది. టమేరియన్ అనే జాతి కెప్టెన్ డాథన్, మన కెప్టెన్ పికార్డ్‌ను ఒక గ్రహం మీదికి దించుకుని చేతికి బాకు ఇస్తాడు. ద్వంద్వ యుద్ధానికి పిలుస్తున్నాడని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి ఇద్దరూ కలిసి ఒక మృగంతో పోరాడితే భాష కలుస్తుందని అతని ఆశ. పోరాటం మధ్యలో నౌక మీదివాళ్లు పికార్డ్‌ను ట్రాన్స్‌పోర్టర్‌తో (మనుషుల్ని కిరణంతో చేరవేసే యంత్రం) వెనక్కి లాగబోతారు. ఆ కిరణంలో చిక్కి పికార్డ్ కదలలేకపోతాడు, అతని కళ్ల ముందే మృగం డాథన్‌ను చీల్చేస్తుంది. అక్కడ ఒక్క గుండు పేలలేదు. కాపాడబోయిన పనే ఒక మనిషి ప్రాణం తీసింది. మీ కథలో ఎవరైనా "మనం ఆయుధం వాడలేదు కదా" అంటే ఈ ఎపిసోడ్ గుర్తు చేసుకోండి.

స్టన్: అందరూ తేలిగ్గా తీసుకునే దారి

కొత్తగా రాసేవాళ్లు మొదట పట్టుకునేది స్టన్‌నే, అంటే ఫేజర్‌ను చంపకుండా స్పృహ మాత్రమే తప్పించే మెట్టులో పెట్టడం. కాలిస్తే పడిపోతాడు, తర్వాత లేస్తాడు, ఎవరికీ నష్టం లేదు అనుకుంటారు. అంత తేలిక కాదు.

1991లో వచ్చిన సాంకేతిక మాన్యువల్ ప్రకారం టైప్-2 చేతి ఫేజర్‌కు 16 మెట్లు. మొదటి మూడు స్టన్. ఒకటో మెట్టులో మామూలు మనిషి 5 నిమిషాల దాకా, రెండో మెట్టులో 15 నిమిషాల దాకా, మూడో మెట్టులో సుమారు గంట స్పృహ తప్పి ఉంటాడు. నాలుగో మెట్టు నుంచి వేడి మొదలవుతుంది. ఎనిమిదో మెట్టుకు వచ్చేసరికి మనిషి ఆనవాలు మిగలదు. ఈ నిమిషాలు దగ్గర పెట్టుకుని సన్నివేశం రాయండి. ఇద్దరు కాపలావాళ్లను ఒకటో మెట్టులో పడగొట్టి, తలుపు కోయడానికి 8 నిమిషాలు పట్టిందని రాస్తే, తలుపు తెరుచుకునే ముందే వాళ్లు లేచి కూర్చుంటారు. రాసినవాళ్లు ఇది గమనించరు, చదివేవాళ్లు గమనిస్తారు.

స్టన్ తప్పే చోట్లు చాలా ఉన్నాయి. మరీ దగ్గర నుంచి తలకు గురిపెడితే స్టన్ కూడా చంపుతుంది. 1991లో విడుదలైన ఆరో సినిమాలో ఇద్దరు కుట్రదారుల నోరు సరిగ్గా ఇలాగే మూయిస్తారు. సగం మనుషులు, సగం యంత్రాలైన బోర్గ్ జాతి మీద నాలుగైదు సార్లు పేలేసరికి వాళ్లు ఆ తరంగానికి అలవాటుపడిపోతారు, ఆ తర్వాత స్టన్ కాదు కదా చంపే మెట్టు కూడా పనిచేయదు. మెట్ల మీద, గట్టు అంచున ఉన్నవాణ్ణి స్టన్ చేస్తే చంపేది ఫేజర్ కాదు, పడిపోవడం. 1968 నాటి ఒక హాస్య ఎపిసోడ్‌లో నౌక పైనుంచి ఒక వీధి వీధినంతా స్టన్‌తో ముంచేస్తుంది, జనం కుప్పలుగా కూలిపోతారు. అక్కడ నవ్వుకున్నాం సరే. మీరు అదే పని గంభీరమైన కథలో చేస్తే, ఆ క్షణంలో పొయ్యి దగ్గర ఉన్నవాళ్ల గురించీ, బండి నడుపుతున్నవాళ్ల గురించీ ఒక్క వాక్యమైనా రాయాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఫేజర్ ఏ మెట్టులో ఉందో చూసుకోకపోవడం. 'ద వూండెడ్' ఎపిసోడ్‌లో నౌక సిబ్బందిలో ఒకడైన ఓబ్రయన్, ఒకప్పుడు శత్రువులైన కార్డాసియన్ జాతివాడొకడితో కూర్చుని పాత సంగతి చెబుతాడు. సెట్లిక్-3 మీద దాడి జరిగిన రోజు మీద పడుతున్న సైనికుణ్ణి ఆపడానికి చేతికందిన ఫేజర్‌తో కాల్చాడు. అది గరిష్ఠ మెట్టులో ఉంది. ఎదుటి మనిషి కళ్ల ముందే కాలి మాయమయ్యాడు. అప్పటిదాకా ఓబ్రయన్ దోమను కూడా చంపినవాడు కాదు. ఆ సన్నివేశంలో పేలుళ్లు లేవు, పరుగులు లేవు. ఒక మనిషి గ్లాసు ముందు పెట్టుకుని మెల్లగా మాట్లాడతాడు, అంతే. బలప్రయోగం గురించి ఈ లోకం చెప్పిన మాటల్లో ఇంతకంటే నిజమైనది అరుదు.

అయినా, మనుషుల మధ్య, గది లోపల, వివరాలు సరిగ్గా తెలియనప్పుడు స్టన్‌నే ఎంచుకోండి. పొరపాటైతే సరిదిద్దుకునే వీలు దానికే ఎక్కువ. మెట్టు సంఖ్యను మాత్రం కథలో రాయండి.

నౌకను కుంటిదాన్ని చేయడం

రెండు నౌకలు ఎదురుపడితే స్టన్‌కు సమానమైన పని ఎదుటి నౌక షీల్డులు (నౌకను కాచే శక్తి కవచాలు), ఆయుధాలు, ఇంజిన్లు ఆపేయడం. ఇక్కడ ఫేజరు, టార్పీడో ఒకటి కావు. ఫేజర్ సూదిలాంటిది, ఒక ఆయుధపు గూడునే కొట్టగలదు. ఫోటాన్ టార్పీడోలో అదే మాన్యువల్ ప్రకారం గరిష్ఠంగా ఒకటిన్నర కిలోల యాంటీమ్యాటర్ పడుతుంది. దానికి అంతే మామూలు పదార్థం కలిసి మొత్తం శక్తిగా మారితే లెక్క ప్రకారం సుమారు 64 మెగాటన్నులు. హిరోషిమా బాంబు సుమారు 15 కిలోటన్నులే. కాబట్టి కెప్టెన్ "హెచ్చరికగా ఒక టార్పీడో" అంటే ఆ మాట బరువు రచయితకు తెలిసి ఉండాలి.

వరస ఇలా పెట్టుకుంటే బాగుంటుంది: ముందు షీల్డులు, తర్వాత ఆయుధాలు, చిట్టచివర ఇంజిన్. ఇంజిన్ చివరికి ఎందుకంటే, అక్కడ యాంటీమ్యాటర్‌ను అయస్కాంత క్షేత్రంలో పట్టి ఉంచుతారు. ఆ పట్టు తప్పితే కుంటిదవ్వాల్సిన నౌక లోపలున్న వందల మందితో సహా పేలిపోతుంది. ఇంజిన్‌ను ముందే కొట్టి తర్వాత "మేం ఆపాలనే చూశాం" అన్న కెప్టెన్‌ను పాఠకుడు నమ్మడు.

ఫెడరేషన్ (మనుషులూ మిత్రజాతులూ కలిసిన కూటమి) నౌకల్ని ఆపడానికి ఇంకో దారి ఉంది. ప్రతి నౌకకూ ఒక ప్రిఫిక్స్ కోడ్ ఉంటుంది. అది తెలిస్తే దూరం నుంచే షీల్డులు దించవచ్చు. 1982 సినిమాలో ప్రతినాయకుడు ఖాన్ చేతిలో ఉన్న రిలయంట్ నౌకను కర్క్ ఇలాగే దెబ్బ కొడతాడు, అంకెలు 16309. కానీ అదే సినిమాలో అంతకుముందు కర్క్ చేసిన తప్పు కూడా ఉంది. తమ స్టార్‌ఫ్లీట్ దళానికే చెందిన తోటి నౌక పలకకుండా దగ్గరికొస్తుంటే, నిబంధన గుర్తు చేస్తున్నా షీల్డులు ఎత్తలేదు. కుర్రాళ్లు చనిపోయారు. షీల్డులు ఎత్తడం బలప్రయోగం కాదు, తలుపు గడియ పెట్టుకోవడం లాంటిది. ఆదర్శవాది కెప్టెన్ అంటే గడియ పెట్టనివాడని రాయకండి.

కొట్టిన తర్వాత పని మొదలవుతుంది. ఎదుటి నౌక ఊపిరాడక కొట్టుకుంటుంటే అందులోవాళ్లను తీసుకోవాలి. ట్రాన్స్‌పోర్టర్ వాడాలంటే మీ షీల్డులు దించాలి. అప్పుడు వాళ్లు ఢీకొడితే? 1994లో 'ద జెమ్‌హడార్'లో వెనక్కి తిరిగి వెళ్లిపోతున్న ఒడిస్సీ నౌకను చిన్న నౌక ఒకటి కావాలని వచ్చి గుద్ది పేల్చేస్తుంది. 1966 నాటి 'బ్యాలెన్స్ ఆఫ్ టెరర్'లో ఓడిపోయిన రోములన్ అనే శత్రుజాతి కమాండర్‌కు మీవాళ్లను మా నౌకలోకి తీసుకుంటామని కర్క్ చెబుతాడు. అది తమ పద్ధతి కాదని అతను తన నౌకను తనే పేల్చేసుకుంటాడు. ఫలితం దక్కకపోయినా ఆ పిలుపు పిలవడమే కర్క్‌ను ఈ లోకపు కెప్టెన్‌ను చేసింది. కుంటిదాన్ని చేసే దారి ఎంచుకుంటే, ఈ రక్షణ సన్నివేశానికి కథలో చోటు ఉంచండి. లేకపోతే ఆ దారి ఎంచుకోకండి.

కాల్చకుండా కాల్చగలనని చూపడం

ఆదర్శానికీ ఉత్కంఠకూ బాగా కుదిరేది ఇదే. 1990 నాటి 'ద డిఫెక్టర్'లో రోములన్లు పన్నిన వలలోకి పికార్డ్ నడిచి వెళతాడు. రెండు రోములన్ యుద్ధనౌకలు చుట్టుముడతాయి. లొంగిపోతే సరి అనుకుంటున్న క్షణంలో అదృశ్యంగా వెంట వచ్చిన మూడు నౌకలు, మిత్రజాతి క్లింగాన్లవి, బయటపడతాయి. ఆ తర్వాత కాల్పులు జరగవు, రెండు పక్షాలూ వెనక్కి తగ్గుతాయి. 'రిడెంప్షన్' రెండో భాగంలో క్లింగాన్ అంతర్యుద్ధానికి రోములన్లు దొంగచాటుగా సరుకు చేరవేస్తుంటే, ఫెడరేషన్ నౌకలు వరసగా నిలబడి మధ్యలో టాకియాన్ కిరణాల వల కడతాయి. కనపడని నౌక ఆ వల దాటితే కనపడుతుంది. డేటా అనే ఆండ్రాయిడ్ అధికారి అక్కడ టార్పీడోలను తగలడానికి కాకుండా వెలుతురు కోసం పేల్చి దొంగ నౌకల్ని బయటపెడతాడు. ఆయుధం దీపంగా మారిన చోటు అది.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. వట్టి బెదిరింపు ఒకసారే పనిచేస్తుంది. తన నౌకలో 'కార్బోమైట్' ఉందని, కొడితే కొట్టినవాడే పోతాడని కర్క్ 1966లో అబద్ధమాడి గెలుస్తాడు. ఆ ఎపిసోడ్‌ను నిలబెట్టింది ఆ అబద్ధం కాదు. ఎదుటి నౌక చిక్కుల్లో పడిందని తెలియగానే, ఆ క్షణం దాకా తనను చంపబోయినవాళ్లకు సాయం చేయడానికి వెనక్కి తిరగడం. రెండో ప్రమాదం, చూపిన బలాన్ని నిజంగా వాడాల్సి వస్తే ఏం చేస్తారో కెప్టెన్ ముందే తేల్చుకోకపోవడం. ఆ జవాబు మీ దగ్గర లేకపోతే ఈ దారి తొక్కకండి.

జోక్యం చేసుకోకపోవడం అనే దారి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రైమ్ డైరెక్టివ్ అందరికీ తెలిసిందే, ఎదగని నాగరికతల జోలికి వెళ్లకూడదు. దానికి పక్కనే ఉన్న దారి మాత్రం జాగ్రత్తగా చూడాలి: ఒక పక్షానికి శత్రువు తుపాకులిస్తే, రెండో పక్షానికి మనమూ అవే ఇవ్వడం. 'ఎ ప్రైవేట్ లిటిల్ వార్' 1968 ఫిబ్రవరి 2న ప్రసారమైంది, వియత్నాంలో టెట్ దాడి మొదలైన రెండు మూడు రోజులకే. కర్క్ అక్కడ కొండజాతి మిత్రుడికి రాతిచెకుముకి తుపాకులు ఇస్తాడు, ఎదుటివాళ్ల దగ్గర ఉన్నంత మేరకే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. కెప్టెన్ ముఖంలో గెలుపు లేదు. ఇది సరైన దారి అని ఆ ఎపిసోడ్ చెప్పదు, నాకూ అనిపించదు. తుపాకీ ఇవ్వడం తేలిక, వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

ధర ఎవరు కడుతున్నారు?

పొరపాటును వెనక్కి తీసుకోగలమా అన్నది మొదటి ప్రశ్న. రెండు దారులూ ఆ ప్రశ్నకు ఒకేలా జవాబిస్తే రెండో ప్రశ్న వేసుకోండి: దీని ధర ఎవరి మీద పడుతోంది? రెండు ఎపిసోడ్లను పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

1995లో 'వాయేజర్' మొదటి కథలో కెప్టెన్ జేన్‌వే తమను ఇంటికి చేర్చగల ఏకైక యంత్రాన్ని తనే పేల్చేస్తుంది. అది దాడులు చేసే కాజోన్ల చేతికి పోతే ఆ ప్రాంతపు ఒకంపా ప్రజలు బతకరు. ఫలితంగా ఆమె నౌక ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో, 75 ఏళ్ల ప్రయాణంలో చిక్కుకుంటుంది. ధర తనవాళ్లే కట్టారు. ఇందులోనూ మచ్చ ఉంది, ఆమె సిబ్బందిని అడగలేదు.

2004లో 'డ్యామేజ్' అనే ఎపిసోడ్‌లో కెప్టెన్ ఆర్చర్‌కు భూమిని కాపాడాలంటే వార్ప్ కాయిల్ (కాంతి కంటే వేగంగా వెళ్లడానికి కావాల్సిన ఇంజిన్ భాగం) కావాలి. స్నేహంగా కలిసిన ఇల్లీరియన్ నౌక నుంచి, వాళ్లు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే బలవంతంగా లాక్కుంటాడు. బదులుగా సరుకులు ఇచ్చాడు, నిజమే. కానీ కాయిల్ లేని ఆ నౌకకు ఇంటికి చేరడానికి మూడేళ్లు పడుతుంది. కోట్లమంది ప్రాణాల ముందు కొందరి మూడేళ్లు ఎంత అనే లెక్క వినడానికి బాగుంటుంది. ఆ కొందరిని ఎవరూ అడగలేదు, ఆ యుద్ధంతో వాళ్లకు సంబంధమే లేదు. ఆర్చర్‌ను ఆ ఎపిసోడ్ శిక్షించదు, కానీ క్షమించదు కూడా. రాసేవాళ్లు నేర్చుకోవాల్సిన పద్ధతి అది.

లెక్కల వాదం ఎక్కడికి వెళుతుందో 1997 నాటి 'స్టాటిస్టికల్ ప్రాబబిలిటీస్' చూపిస్తుంది. కొందరు మేధావులు గణాంకాలు కట్టి, ఫెడరేషన్ మీద యుద్ధానికి దిగిన డొమినియన్ సామ్రాజ్యంతో పోరాడితే 90,000 కోట్ల మంది చనిపోతారని, లొంగిపోతే 200 కోట్లతో పోతుందని తేలుస్తారు. కెప్టెన్ సిస్కో ఒప్పుకోడు. వాళ్లు ఊరుకోకుండా రహస్యాలను శత్రువుకు అందించి యుద్ధం త్వరగా ముగించాలని చూస్తారు. వాళ్ల లెక్క తమ గుంపులోనే మాట్లాడకుండా కూర్చున్న ఒక్క మనిషి ఏం చేస్తుందో చెప్పలేకపోయింది. మీ కథలో ఎవరైనా పెద్ద అంకె చెప్పి ఘోరమైన పని చేయమంటే, ఆ అంకెలో ఎవర్ని లెక్కపెట్టలేదో వెతకండి.

హింసించి నిజం రాబట్టడం, అబద్ధమాడి యుద్ధంలోకి లాగడం

మొదటిదాని గురించి నా మాట గట్టిగానే ఉంటుంది: ఎంచుకోకండి. 1999 నాటి 'ఈక్వినాక్స్'లో జేన్‌వే ఒక బందీని గదిలో కట్టేసి, అతన్ని చంపగల జీవులు లోపలికి వచ్చేలా రక్షణ తీసేస్తుంది. ఆమె ఉపనాయకుడు చకోటే అడ్డుపడి అతన్ని బయటకు లాగుతాడు. బందీ నోరు విప్పలేదు. ఆమెకు సమాచారం దక్కలేదు, తన సహచరుడి నమ్మకం పోయింది. ఆర్చర్ ఒక దొంగను గాలిగదిలో పెట్టి గాలి తీసేసినప్పుడు అతను మాట్లాడాడు, అది నిజమే. ఫలించింది కాబట్టి సరైనదన్న అర్థం వచ్చేలా ఈ లోకంలో రాస్తే, మీరు లోకాన్నే మార్చేశారు.

1998 నాటి 'ఇన్ ద పేల్ మూన్‌లైట్' వేరే కథ, ఇక్కడ కాస్త ఆగాలి. డొమినియన్‌తో యుద్ధంలో రోములన్లు తటస్థంగా ఉంటే ఫెడరేషన్ ఓడిపోతుంది. సిస్కో, మాజీ గూఢచారి గారక్ కలిసి, డొమినియన్ రోములన్ల మీద దాడికి పథకం వేస్తోందని చూపే దొంగ ఆధారాన్ని సృష్టిస్తారు. రోములన్ సెనేటర్ వ్రీనాక్ దాన్ని చూసి నకిలీ అని పట్టేస్తాడు. అతని నౌక దారిలో పేలిపోతుంది, ఆ పేలుడుకు కారణం గారక్. శిథిలాల్లో దొరికిన ఆధారంలోని లోపాలన్నీ పేలుడు వల్ల వచ్చినవని రోములన్లు అనుకుని యుద్ధంలోకి దిగుతారు.

మనకు ఇది కొత్త కాదు. కురుక్షేత్రంలో "అశ్వత్థామ హతః" అని గట్టిగా పలికి, "కుంజరః" అన్నది గొంతులో మింగిన ధర్మరాజు మనకు తెలుసు. నేల తాకకుండా నాలుగు అంగుళాలు పైన నడిచే అతని రథం ఆ మాటతో నేలకు దిగింది. సిస్కో రథం ఎలా దిగిందో ఆ ఎపిసోడ్ నిర్మాణమే చూపిస్తుంది. కథంతా అతను కెమెరా వైపు తిరిగి వ్యక్తిగత లాగ్‌గా చెబుతాడు, చివరికి ఆ లాగ్‌ను తుడిచేస్తాడు. ఈ దారి ఎంచుకుంటే ఆ ఒక్క నియమాన్నైనా పాటించండి: మోసం చేసిన మనిషి దాన్ని తన నోటితో పూర్తిగా చెప్పాలి, కనీసం ఒక్కసారి. బల్ల మీద ఆడేవాళ్లకు 2017లో వచ్చిన 'స్టార్ ట్రెక్ అడ్వెంచర్స్'లో వీలుంది. అందులో పాత్ర తన విలువలను కాగితం మీద వాక్యాలుగా రాసుకుంటుంది. ఇలాంటి పని చేసిన రోజు ఆ వాక్యాన్ని ఆటగాడి చేతే కొట్టించి, కొత్తది రాయించండి.

దీని పక్కన 1997 నాటి 'ఫర్ ద యూనిఫామ్' పెట్టకండి. అక్కడ సిస్కో ఒక్క తిరుగుబాటుదారును లొంగదీయడానికి అతని మాకీ దళానికి చెందిన కాలనీ ఒకదాని వాతావరణాన్ని ట్రైలిథియంతో విషపూరితం చేస్తాడు. మనుషులకు 50 ఏళ్లు పనికిరాకుండా పోతుంది. ఊళ్లో ఉన్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని పారిపోవాలి. ఎపిసోడ్ దాన్ని తెలివైన ఎత్తుగడలా వదిలేస్తుంది, నాకు అది మింగుడుపడదు. కొలత పెట్టి చూస్తే వెనక్కి తీసుకోలేని పని, ధర కట్టింది ఊరి జనం. రెండు ప్రశ్నలకూ జవాబు తప్పింది.

ఒక జాతినంతా తుడిచేయగల ఆయుధం

ఇక్కడ పోలిక స్పష్టం. 1992 నాటి 'ఐ, బోర్గ్'లో దొరికిన ఒక బోర్గ్ కుర్రాడి బుర్రలో ఒక లెక్క పెట్టి పంపితే జాతి మొత్తం కూలిపోతుంది. వోల్ఫ్-359 దగ్గర బోర్గ్‌తో పోరులో 39 నౌకలు, దాదాపు 11,000 మంది పోయిన లోకం అది, పికార్డ్ స్వయంగా బోర్గ్ చేతిలో చిక్కి బయటపడ్డవాడు. ఆ కుర్రాడికి హ్యూ అని పేరు వస్తుంది, "నేను" అనడం నేర్చుకుంటాడు. పికార్డ్ ఆ ఆయుధాన్ని వాడడు. తర్వాత అడ్మిరల్ నచాయెవ్ దానికి అతన్ని గట్టిగా నిలదీస్తుంది. ఆమె మాటను తేలిగ్గా కొట్టిపారేయకండి, చనిపోయినవాళ్ల తరఫున ఎవరో ఒకరు ఆ మాట అడగాలి.

రెండో వైపు, సెక్షన్ 31 అనే రహస్య సంస్థ డొమినియన్ స్థాపకులకు ప్రాణాంతక రోగం అంటిస్తుంది. 1999లో యుద్ధం ముగిసిన తీరు చూస్తే, ఆ రోగం వాళ్లను లొంగదీయలేదు. ఓడిపోతూ కూడా చివరి నౌక దాకా పోరాడి శత్రువుకు గెలుపు నిప్పులా కాలేలా చేయాలని వాళ్ల నాయకురాలు నిశ్చయించుకుంది. ఆమె జాతివాడే అయినా ఫెడరేషన్ పక్షాన ఉన్న ఓడో, రూపం మార్చుకునే ఆ జాతి పద్ధతిలో ఆమెతో కలిసిపోయి మందు ఇచ్చాకే ఆమె ఆయుధాలు దించమంది, విచారణకు లొంగింది. రోగం ఉండబట్టే మందుకు విలువ వచ్చిందని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదన వినండి, కథలో ఒక పాత్ర నోట పెట్టండి. కథ మాత్రం దాని పక్షం చేరకూడదు.

ఆగ్రహంతో చేసే సర్వనాశనానికి 1991 నాటి 'సిలికాన్ అవతార్' చాలు. గ్రహాలను తినేసే స్ఫటిక జీవితో గ్రావిటాన్ తరంగాల ద్వారా మాట్లాడటం అప్పుడే మొదలైంది, అది జవాబిస్తోంది. కొడుకును పోగొట్టుకున్న శాస్త్రవేత్త కైలా మార్ అదే తరంగాన్ని ఆపకుండా పంపించి దాన్ని ముక్కలు చేస్తుంది. అది ఏం చెప్పబోయిందో ఇక ఎవరికీ తెలియదు.

తొందరలో తేల్చుకోవాలంటే ఇలా. ఎదుటివాళ్లు ఎవరో తెలియకపోతే షీల్డులు ఎత్తి వేచి ఉండండి, కాల్చకండి. కాపలావాళ్లు, బందీలు, గది లోపలి గొడవ అయితే స్టన్, మెట్టు చెప్పి. నౌక దాడి మొదలుపెట్టి, వెనక అమాయకులుంటే షీల్డులు, ఆయుధాలు కొట్టండి, రక్షణకు సిద్ధంగా ఉండండి. శత్రువుకు లెక్కలు వేసుకునే తెలివి ఉంటే బలం చూపి ఆపండి. లెక్కలు వేయని బోర్గ్‌లాంటి శత్రువైతే చంపాల్సి రావచ్చు, చంపండి. కానీ ఆ పోరాటంలో ఎదురైన వాళ్లను, ఆ రోజు వరకే. జాతిని కాదు. మోసం చివరికి వాడాల్సి వస్తే, దాని బరువును ఆ మోసం చేసిన మనిషే మోసుకెళ్లాలి. హింసించడం, ఊళ్లకు విషం పెట్టడం మాత్రం మీ కెప్టెన్‌ను చేయనివ్వకండి.

కాల్పుల సన్నివేశం మూడు పేజీలు రాశారనుకోండి. ఆ తర్వాత ఒక పేజీ బాగుచేయడం గురించి రాయండి. షీల్డులు ఎవరు దించారు, ఎంతమందిని లెక్కపెట్టారు, శత్రువు గాయానికి ఎవరు కట్టు కట్టారు. జానస్-6లో చివరికి జరిగింది అదే. ఫేజర్ దెబ్బకు రాతిజీవి ఒంట్లో పెద్ద ముక్క ఊడిపోయింది. డాక్టర్ మెకాయ్ నేను వైద్యుణ్ణి గానీ తాపీ మేస్త్రీని కాదని గొణుగుతూనే సిమెంటు లాంటి థర్మల్ కాంక్రీటు తెప్పించి, ఆ గాయంలో దట్టంగా మెత్తించాడు. పని అయ్యాక చేతులకు అంటుకున్న కాంక్రీటు దులుపుకుంటూ, ఇది అతుక్కుంటుంది అన్నట్టు నిలబడ్డాడు.